ఇరవయ్యారు వేల పౌండ్లు దాటితే

ఒహాయో దాటి మిషిగన్‌లోకి వచ్చిన కాసేపటికి చక్రధర్ ముందుకు వంగి, "ఆ రెస్ట్ ఏరియాలోకి తిప్పు" అన్నాడు.

బాత్రూమ్ బండిలోనే ఉంది. కాఫీ ఫ్లాస్కులో ఉంది. ఇంక దేనికి ఆపాలో ఇంద్రజకి అర్థం కాలేదు. అయినా ఇండికేటర్ వేసింది. ముప్పై ఎనిమిది అడుగుల ఆర్‌వీని, ఇల్లంత బస్సుని, ట్రక్కులు ఆగే వరసలోకి నెమ్మదిగా తీసుకెళ్ళి, గీతల మధ్య నిలిపి, పార్కింగ్ బ్రేకు పసుపు నాబ్ లాగింది. బ్రేకుల్లోంచి గాలి బుస్సుమంది. టెక్సస్‌లో, కాపెల్‌లోని తమ ఇంటి ముందు నుంచి బయల్దేరి ఇది మూడో రోజు. ఈ మూడు రోజులూ ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమెకి వంట ముగించి పొయ్యి కట్టేసినంత తృప్తిగా ఉండేది.

"ఇక్కణ్ణుంచి నేను తీసుకుంటాను" అన్నాడు చక్రధర్.

"మీరా?"

"అన్నయ్య వాకిట్లో నిలబడి ఎదురు చూస్తుంటాడు. నేను పక్క సీట్లోంచి దిగితే ఏం బావుంటుంది చెప్పు."

బావుండటం మాట అటుంచితే, అతనికి ఆ బండి నడిపే లైసెన్స్ లేదు. టెక్సస్‌లో ఇరవయ్యారు వేల పౌండ్లు దాటిన బండిని, అది సొంతదైనా, సరదాకి ఊళ్ళు తిరిగేదైనా, మామూలు లైసెన్స్‌తో నడపకూడదు. క్లాస్ బి ఉండాలి. వీళ్ళు కొన్న సెకండ్‌హ్యాండ్ ఆర్‌వీ తలుపు పక్క స్టికర్ ప్రకారం నిండా సామానేస్తే ముప్పై ఒక్క వేలు తూగుతుంది. చక్రధర్ ఆ టెస్ట్‌కి రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి కుడివైపు మలుపులో వెనక చక్రం ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాడు. రెండోసారి బ్రేకుల్లో గాలి చెక్ చేసే వరస మధ్యలో మర్చిపోయి, పక్కన కూర్చున్న ఎగ్జామినర్ మొహంలోకి చూశాడు. కొన్న బండి వాకిట్లో ఎండకి ఎండుతోందని, ప్లేనోలో బండి అమ్మిన ముసలాయన దగ్గర నేర్చుకుని, ఇంద్రజ వెళ్ళింది. ఒక్కసారికే పాసయింది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ, పదకొండేళ్ళ కూతురు అనుష్కకీ తప్ప ఎవరికీ తెలీదు.

"ఇది మిషిగన్" అన్నాడు చక్రధర్ గొంతు తగ్గించి. "ఇక్కడ ఆర్‌వీకి స్పెషల్ లైసెన్స్ అక్కర్లేదు. నేను చదివాను."

"ఇక్కడి లైసెన్స్ ఉన్నవాళ్ళకి అక్కర్లేదండీ. మీ జేబులో ఉన్నది టెక్సస్ కార్డు. ఊరు మారితే కార్డు మారుతుందా?"

"పాతిక మైళ్ళ కోసం లా క్లాస్ పెట్టకు ఇంద్రజా."

వెనక సోఫాలో అనుష్క పుస్తకం దించి ఇద్దర్నీ చూస్తోంది. పిల్ల ముందు మాటా మాటా పెరగడం ఎందుకని ఇంద్రజ బెల్టు తీసి లేచింది. ఎప్పుడూ అంతే ఆవిడ. నోటి దాకా వచ్చిన మాటని మింగడంలో ఆవిడకి ఎవరూ సాటి రారు.

పక్క సీట్లో కూర్చుంటే కాళ్ళు ఊరుకోలేదు. లేని బ్రేకుని పాతిక మైళ్ళూ తొక్కుతూనే ఉంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో, బావగారి ఇంటికి రెండు వీధుల ముందు, చక్రధర్ ఎడమవైపు తిరిగాడు. ఇంత పొడుగు బండి ముందు భాగం ఎటు తిరిగితే వెనక భాగం దానికి ఎదురు దిక్కుకి ఊగుతుంది. అది చూసుకోవాలి. అతను చూసుకోలేదు. కుడి అద్దంలో ఓ మెయిల్‌బాక్స్ పక్కకి ఒరిగిపోవడం ఇంద్రజ చూసింది. చిన్నగా గీసుకున్న చప్పుడు వినపడింది.

"ఆపండి."

"ఏం కాలేదు" అన్నాడు అతను, అద్దం వైపు చూడకుండానే.

*

కొండల్ రావు నిజంగానే వాకిట్లో నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా కార్ల కంపెనీల్లో ఇంజనీరు, కుటుంబంలో అందరికంటే ముందు అమెరికా వచ్చినవాడు. తమ్ముడు అంత పెద్ద బండి స్టీరింగ్ ముందు నుంచి దిగుతుంటే ఆయన మొహం చాటంత అయింది. బండి చుట్టూ తిరిగి చూశాడు, టైర్లు తన్ని చూశాడు. లోపలికెళ్ళి ఫ్రిజ్ తెరిచాడు, మంచం మీద పడుకుని చూశాడు. బయటికొచ్చి కుడివైపు వెనక ఉన్న గీత దగ్గర ఆగాడు.

"ఇదేంట్రా? కొత్తగా ఉంది."

చక్రధర్ ఒక్క క్షణం తడబడ్డాడు. "టెనెసీలో ఓ గంట సేపు ఇంద్రజకిచ్చాను. సరదా పడింది పాపం."

ఇంద్రజ చేతిలో అత్తగారి కోసం తెచ్చిన మందుల సంచీ ఉంది. అది ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"పోన్లేమ్మా, దిగులు పడకు" అన్నాడు కొండల్ రావు, జాలిగా. "ఇలాంటి బండ్లు మాకే కష్టం."

భోజనాల దగ్గర అంతకంటే పెద్దది జరిగింది. వచ్చే దారిలో, ఆర్కన్సాలో, వీళ్ళ ముందు వెళ్తున్న ట్రక్కు టైరు ఒకటి పేలి, రబ్బరు ముక్కలు రోడ్డంతా ఎగిరిపడ్డాయి. ఇంద్రజ స్టీరింగ్ కదపకుండా పట్టుకుని, బ్రేకు మీద కాలెయ్యకుండా వేగం తగ్గనిచ్చి, దాటించింది. ఆ సాయంత్రం బండి ఆపాక, స్టీరింగ్ ఎలా పట్టుకుందో రెండు పిడికిళ్ళూ గాల్లో పెట్టి మొగుడికి చూపించి చెప్పుకుంది. ఇప్పుడు ఆ మొగుడు రెండు పిడికిళ్ళూ గాల్లో పెట్టాడు.

"స్టీరింగ్ తిప్పకూడదన్నయ్యా. తిప్పామా, బోల్తా. పట్టుకుని ఉండాలంతే. వచ్చేది రానీ అని పట్టుకుని ఉండాలి."

అవి ఆమె మాటలే. ఒక్కటి కూడా మార్చలేదు. ఇంద్రజకి అరికాలి మంట నెత్తికెక్కింది. అనుష్క స్పూను ప్లేటులో పెట్టి నోరు తెరిచింది. ఇంద్రజ వద్దన్నట్టు తల ఆడించింది. పిల్ల నోరు మూసుకుంది కానీ తండ్రి వైపు నుంచి కళ్ళు తిప్పలేదు.

"నాకైతే ఆ బండి చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయి తల్లీ" అంది లలిత, కొండల్ రావు భార్య, చారు వడ్డిస్తూ. "ఎల్లుండి బ్రిడ్జి మీంచి వెళ్ళాలంటే ఇప్పట్నుంచే నా గుండె దడదడ."

ప్లాన్ అదీ. వీళ్ళు ముగ్గురూ, వాళ్ళిద్దరూ, అత్తగారు వసంతలక్ష్మి, ఆరుగురూ కలిసి డెట్రాయిట్ బ్రిడ్జి దాటి కెనడాలోకెళ్ళి నయాగరా చూసి రావాలి. అత్తగారికి కెనడా వీసా కూడా తీసి పెట్టుకున్నారు. బ్రిడ్జి మీద కుడివైపు కమ్మీలు, వాటి కింద నది, పక్క లేన్లో ట్రక్కు, స్టీరింగ్ ముందు చక్రధర్. ఇంద్రజకి ఆ బొమ్మ కళ్ళ ముందు కనపడింది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె వాకింగ్ అని చెప్పి ఆ మెయిల్‌బాక్స్ దగ్గరికి వెళ్ళింది. స్తంభం ఒరిగి ఉంది. రెండు చేతులతో నిలబెట్టి, మొదట్లో మట్టి చెప్పుతో తొక్కింది. తలుపు తట్టి, గౌనులో ఉన్న పెద్దావిడకి మా బండి తగిలిందండీ అని చెప్పింది. ఎవరు నడిపారని ఆవిడ అడగలేదు. దానికే ఇంద్రజకి కళ్ళు చెమర్చాయి.

తిరిగొచ్చేసరికి లలిత గరాజ్‌లోంచి సామాను మోయిస్తోంది. సోనామసూరి బస్తాలు రెండు, వెట్ గ్రైండర్, కుక్కర్లు, మినరల్ వాటర్ కేసులు, మడత కుర్చీలు, పదహారు మందికి సరిపడే సాంబారు గిన్నె.

"కెనడాలో బియ్యం దొరకవా అక్కా?" అంది ఇంద్రజ.

"దొరుకుతాయేమో. మనవి దొరకొద్దూ? అత్తయ్యగారికి పొద్దున్నే ఇడ్లీ పడకపోతే రోజంతా నీరసం. ఇంత బస్సు పెట్టుకుని గ్రైండర్‌కి చోటు లేదంటావా?"

చోటుంది. బరువుకే వీలు లేదు. తలుపు పక్క స్టికర్ మీద ఇంకెంత మొయ్యగలదో రాసి ఉంది. దాంట్లోంచి ఆరుగురు మనుషుల్ని తీసేస్తే, నిండా ఉన్న నీళ్ళ ట్యాంకు తీసేస్తే, మిగిలేది తక్కువ. సామానంతా వెనక అరల్లోకే పోతోంది, వెనక ఇరుసు మీదే ఇంజను కూడా ఉంది. ఈ మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. కానీ ఓ గంట సరదాకి నడిపి గీత పెట్టిన మనిషి ఇరుసుల గురించి చెబితే ఎవరు వింటారు? గ్రైండర్ దింపించలేక, ఆమె కింద మోకాళ్ళ మీద కూర్చుని మూత తీసి, ట్యాంకు నీళ్ళు వదిలేసింది. ఎనిమిది వందల పౌండ్ల నీళ్ళు చక్కగా డ్రైవ్‌వే మీంచి వీధి కాలవలోకి పారిపోయాయి.

చక్రధర్ అక్కడికే వచ్చాడు. "నీళ్ళెందుకు వదిలేస్తున్నావ్?"

"మీ వదినతో తగువు పెట్టుకోలేక."

అతను నవ్వాడు. పక్కనే చతికిలబడ్డాడు.

"రేపు బ్రిడ్జి నేను దాటిస్తాను. అన్నయ్యకి చెప్పేశాను."

"మీ కార్డు మీద క్లాస్ సి అని ఉంది. అక్కడ అడిగితే?"

"పాస్‌పోర్టులు అడుగుతారు. లైసెన్స్ ఎవడడుగుతాడు?"

"ఎవరూ అడక్కపోతే నడపడం వచ్చేస్తుందా?"

అతని మొహం మాడిపోయింది.

"అన్నయ్య నన్ను ఏ పనికీ నమ్మలేదు ఇంద్రజా. ఇల్లు కొన్నప్పుడు ఆయన వచ్చి ఫౌండేషన్ చూసిందాకా సంతకం పెట్టనివ్వలేదు. కారు కొన్నా ఆయనే బేరం. నిన్న నేను దిగుతుంటే ఆయన మొహం చూశావా? ఇన్నేళ్ళలో అలా చూడ్డం ఒక్కసారే. అది నాకు ఉండనీ. రెండు రోజులేగా."

ఇంద్రజకి జాలేసింది. కోపం మీద జాలి పడితే రెండూ మిగలవు, మనిషికి ఏమీ తోచకుండా పోతుంది. ఆ రోజంతా ఆమె కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ బండిలోకీ తిరుగుతూనే ఉంది. టైర్లలో గాలి గేజి పెట్టి చూసింది, ఆరూ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ చూసింది. అద్దాలు తుడిచింది. అరల్లోంచి నీళ్ళ కేసులు రెండు తీసి గరాజ్‌లో కారు వెనక దాచింది.

అనుష్క వెనకాలే తిరుగుతోంది. "అమ్మా, నువ్వు ఎందుకు చెప్పలేదు? దట్ వాజ్ యువర్ స్టోరీ."

"అందరి ముందూ నాన్నని తక్కువ చేస్తామా?"

"నాన్న నిన్ను తక్కువ చేశాడు కదా, అందరి ముందు."

తల్లి నీళ్ళ కేసుల మీద పాత దుప్పటి కప్పింది.

"రేపు నాన్న డ్రైవ్ చేస్తాడా?" అని అడిగింది పిల్ల. "అయితే నేను నానమ్మ పక్కన కూర్చుంటా. విండో సైడ్ వద్దు."

భయమని ఆ పిల్ల అనలేదు. అన్నా ఇంద్రజకి అంత గుచ్చుకునేది కాదు.

*

బయల్దేరే రోజు వంటింట్లో అందరూ ఉప్మా తింటుండగా ఇంద్రజ తన హ్యాండ్‌బ్యాగ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. రాత్రంతా దొర్లి దొర్లి ఒక దారి వెతుక్కుంది. మొగుడి పరువు పోకూడదు, స్టీరింగ్ అతనికి దక్కకూడదు. దానికి రూల్ ఉంది కదా. తప్పు మనుషులది కాదు, రూల్‌ది అనేస్తే సరి.

"బావగారూ, చిన్న చిక్కుంది. టెక్సస్ లైసెన్స్‌తో ఇంత బరువు బండి నడపాలంటే క్లాస్ బి ఉండాలట. ఆయనకింకా రాలేదు, ఆఫీసు పని వల్ల కుదరలేదు. నాకు ఖాళీయే కదా, నేను తీసుకున్నాను. బార్డర్ దగ్గర చూస్తే ఇబ్బంది. అందుకని ఇవాళ నేను నడుపుతాను. ఊరికే, రూల్ కోసం."

తన కార్డు తీసి చూపించింది. చక్రధర్ ప్లేటులోంచి తల ఎత్తలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

కొండల్ రావు కళ్ళజోడు పెట్టుకుని కార్డు అటూ ఇటూ తిప్పాడు. ఆయన కోప్పడలేదు, వెక్కిరించలేదు. ఇంజనీరు బుర్ర కదా, రూల్ అనగానే ఉత్సాహం వచ్చేసింది. ల్యాప్‌టాప్ తెరిచాడు. అందరూ ఉప్మా ముగించి చేతులు కడుక్కునేదాకా చదివాడు.

"కరెక్టే. ఏ స్టేట్ లైసెన్స్ ఉంటే ఆ స్టేట్ రూల్ మనిషి వెంట వస్తుంది. తమ్ముడు నడపకూడదు" అన్నాడు. ఇంద్రజకి గుండెల మీంచి బరువు దిగింది. ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు. "అయితే మిషిగన్‌లో సొంత వాడకానికి ఆర్‌వీ ఎంత బరువున్నా మామూలు లైసెన్స్ చాలు. అంటే నాది చాలు. మిషిగన్‌లో చెల్లితే కెనడాలోనూ చెల్లుతుంది. బావుంది, గొడవే లేదు. నేను నడుపుతాను."

"మీరా?" అంది లలిత.

"ఏం? ముప్పై ఏళ్ళు కార్లు తయారుచేశాను. కెనడా నెలకోసారి వెళ్ళొస్తాను. నది కింది టన్నెల్లోంచి పోతే బ్రిడ్జి కంటే దగ్గర కూడాను."

"టన్నెల్లో ఇంత ఎత్తు బండి పట్టదు బావగారూ" అంది ఇంద్రజ.

"సరే, బ్రిడ్జే. పోనీ."

ఆమె మొగుడి వైపు చూసింది. ఇప్పుడైనా ఏదైనా అంటాడని. చక్రధర్ జేబులోంచి తాళం తీసి అన్నగారి చేతిలో పెట్టాడు. బ్రతికిపోయినట్టు, గబగబా పెట్టాడు. పెళ్ళాం చేతికిచ్చే కంటే అది అతనికి సులువు.

అది చూశాక ఇంద్రజకి తను పట్టుకున్న రూల్ ఎంత సన్నటిదో తెలిసొచ్చింది. ఎండలో ఆ ముసలాయన పక్కన కూర్చుని నేర్చుకున్న నాలుగు నెలలూ, కోన్లు పెట్టి వెనక్కి నడిపిన సాయంత్రాలూ, ఎగ్జామినర్ ముందు వరస తప్పకుండా చేసిన బ్రేకు పరీక్షా, ఇవేవీ లేని మనిషికి అదే రూల్ నవ్వుతూ దారి ఇచ్చింది. మినీవ్యాన్ తప్ప ఎరగని మనిషి ముప్పై ఒక్క వేల పౌండ్లని నది మీంచి తీసుకెళ్ళబోతున్నాడు. తప్పు పట్టడానికి ఎక్కడా ఏమీ లేదు.

అందరూ ఎక్కారు. వసంతలక్ష్మి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అనుష్క ఆవిడ పక్కన, కిటికీకి దూరంగా, బెల్టు బిగించుకుని రెండు చేతులతో పట్టుకుంది. లలిత ముందు పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది, పెదాలు కదులుతున్నాయి. చక్రధర్ డైనింగ్ బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంద్రజకి చోటుంది కానీ కూర్చోలేదు.

కొండల్ రావు స్టీరింగ్ ముందు సర్దుకున్నాడు. తాళం తిప్పాడు. ఎక్కడో వెనక, ముప్పై అడుగుల దూరంలో ఇంజను మొదలైంది. బ్రేకుల్లో గాలి ఇంకా నిండలేదని డ్యాష్‌బోర్డ్ బజర్ మోగుతోంది. ఆయన అది పట్టించుకోకుండా గేరు నొక్కి, యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను గర్జించింది, బండి కదల్లేదు.

"ఏదమ్మా హ్యాండ్‌బ్రేకు?" అన్నాడు వెనక్కి తిరిగి. "ఈ పసుపుదేనా? నొక్కాలా, లాగాలా?"

ఇంద్రజ ముందుకు వచ్చింది. ఆయన చెయ్యి చేరేలోపు ఆ నాబ్ మీద తన అరచెయ్యి పెట్టింది.

"మీరు దిగండి బావగారూ. నేను నడుపుతాను."

"అదేంటమ్మా? ఇప్పుడే కదా చూశాం. నా లైసెన్స్‌కి రూల్ ఒప్పుకుంటుంది."

"రూల్ ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోను."

బజర్ ఆగింది. గాలి నిండినట్టుంది. బావగారి మొహం మీద అలా అనడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు, ఆ మాట అన్న ఇంద్రజ కూడా చూడలేదు. అయినా ఆమె చెయ్యి తియ్యలేదు.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు ఆయన.

"లేదండీ. మీకు ఇది రాదు. నాకు వచ్చు. ఇందులో నా కూతురుంది, అత్తయ్యగారున్నారు. ఇంటి దగ్గర్నుంచి మిషిగన్ రెస్ట్ ఏరియా దాకా నేనే తెచ్చాను. టైరు పేలినప్పుడు స్టీరింగ్ దగ్గర ఉన్నది నేనే."

కొండల్ రావు మొహం కందగడ్డలా అయింది. ఆమె భుజం మీంచి వెనక్కి చూసి, "ఏరా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి అర్థం అందరికీ తెలుసు. నీ పెళ్ళానికి నువ్వు చెప్పు అని. ఇంద్రజ వెనక్కి తిరగలేదు. చక్రధర్ ఏమంటాడో ఆమెకి తెలుసనే అనుకుంది. పోన్లే ఇంద్రజా, అన్నయ్య అంటున్నాడుగా, అంటాడు. అన్నా చెయ్యి తియ్యకూడదని పళ్ళ బిగువున నిలబడింది. అప్పుడు ఈ ప్రయాణం ఆగిపోతుంది. అన్నదమ్ములకి మాటలు పోతాయి, తనకి మొగుడితో పోతాయి. పోతే పోనీ అనుకుంది.

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"దిగన్నయ్యా" అన్నాడు చక్రధర్.

దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. "నాకు కుదరక కాదు. రెండుసార్లు టెస్ట్‌కి వెళ్ళాను, రెండుసార్లూ పోయింది. తనకి ఒక్కసారికే వచ్చింది. ఆ గీత కూడా నేను పెట్టిందే, మీ ఇంటికి రెండు వీధుల అవతల. మొన్నట్నుంచి నేను చెప్పిందంతా అబద్ధం. దిగు."

అనుష్క తండ్రి వైపు చూసింది. వసంతలక్ష్మి పెద్దకొడుకునీ చిన్నకొడుకునీ మార్చి మార్చి చూసి, పమిట కొంగు భుజం మీదికి లాక్కుంది.

"లే నాయనా" అంది పెద్దకొడుకుతో. "నాకు కాళ్ళు లాగుతున్నాయి. నడపడం వచ్చినవాళ్ళెవరో నడుపుతారు."

కొండల్ రావు ఇంకాసేపు కూర్చున్నాడు. దిగి తన కారులో వస్తానంటాడేమోననిపించింది. చివరికి సీటు చేతులు పట్టుకుని లేచాడు, ఎవరినీ చూడకుండా తమ్ముడికి ఎదురుగా బల్ల దగ్గరికెళ్ళి కూర్చుని, బెల్టు వెతుక్కున్నాడు. అది దొరక్కపోతే చక్రధర్ చెయ్యి చాచి సందులోంచి తీసి ఇచ్చాడు. ఆయన తీసుకున్నాడు. తమతో ఎన్నాళ్ళు మాట్లాడడో ఇంద్రజకి తెలీదు. పక్క సీట్లో లలిత కళ్ళు తెరిచి, తోడికోడల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

ఇంద్రజ కూర్చుంది. కొండల్ రావు ఆరడుగుల మనిషి, సీటు వెనక్కి జరుపుకున్నాడు, ఆమె కాలు బ్రేకుకి అందలేదు. పక్కనున్న మీట నొక్కింది. ఆ సీటు తొందరపెడితే జరిగేది కాదు. లోపల చిన్న మోటారు గుర్రుమంటూ, ఆమెని కొంచెం కొంచెంగా ముందుకు, పైకి తెచ్చింది. మిగతా ఐదుగురూ కాచుకుని ఉన్నారు. ఆమె కాలు బ్రేకు మీద పూర్తిగా ఆనేదాకా మీట మీంచి వేలు తియ్యలేదు.